'నేనే అంటించానేమో'

(ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంల కోసం విజయవాడలో జరిగిన శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీరు ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. బీపీ చూడటానికో, టీకా వేయించడానికో, గర్భిణుల పేర్లు రాసుకోవడానికో గడప తొక్కుతారు. ఆ ఇళ్లలో కొందరికి కరోనా రెండో అల వచ్చిన 2021 వేసవి ఇంకా గడవలేదు. ఈ పూట వాళ్ల గురించే మాట్లాడతాను.

కరోనా వచ్చిన మొదటి ఏడాదిలోనే దిగులు, ఆందోళన జబ్బులు ప్రపంచం మొత్తం మీద 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. అంతకుముందే మన పరిస్థితి అంతంతమాత్రం. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, ఇలాంటి సాధారణ మానసిక జబ్బులున్నవాళ్లలో 80 శాతానికి పైగా ఏ చికిత్సా అందడం లేదని తేలింది. అలాగని వాళ్లు ఆస్పత్రి మొహం చూడలేదని కాదు. సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఈసీజీ తీయించుకున్నారు, ఎండోస్కోపీ చేయించుకున్నారు. 'అన్నీ నార్మల్' అని రాసిన కాగితాల కట్ట బీరువాలో ఉంటుంది. కష్టం మాత్రం అలాగే ఉంటుంది.

మన దగ్గర ఎవరూ 'నాకు డిప్రెషన్ వచ్చింది' అంటూ రారు. తల బరువు అంటారు, గుండె దడ అంటారు. ఒంట్లో మంటలు, నరాల బలహీనత, అన్నం సయించకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ఆ బాధ నిజం. 'ఏమీ లేదు, నీ అనుమానమే' అన్న మాట మాత్రం మీ నోట రాకూడదు. ముందు ఒంటిని చూపించండి. థైరాయిడ్, షుగర్ తేడా చేసినా, హిమోగ్లోబిన్, బీ12 తగ్గినా ఇవే లక్షణాలు ఉంటాయి. కరోనా తగ్గాక నెలల తరబడి నీరసం, మతిమరుపు మిగిలినవాళ్లూ ఉన్నారు. అవన్నీ చూశాక కూడా బాధ తగ్గకపోతే కూర్చుని అడగండి: "ఆ కరోనా రోజుల్లో మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

చాలా ఇళ్లలో ఈ ప్రశ్న కిందే అసలు ముడి ఉంటుంది. ఇంటికి ముందుగా జ్వరం తెచ్చిన మనిషి ఒకరుంటారు. బీసెంట్ రోడ్డులో కొట్లో పనిచేసే కొడుకో, మిర్చి యార్డుకు వెళ్లొచ్చిన అల్లుడో, పెళ్లికి వెళ్లొచ్చిన కూతురో. ఆ మనిషి వారంలో కోలుకున్నాడు. తల్లి పోయింది. అప్పటినుంచి లోపల ఒకటే మాట తిరుగుతోంది, 'నేనే అంటించానేమో' అని. ఆ మాట ఎవరితోనూ అనడు. ఒకసారి ఎవరితోనో అని ఉంటే, 'అలా అనుకోకూడదు, అంతా దేవుడి రాత' అన్న జవాబు వచ్చి ఉంటుంది. ఓదార్పుగా అన్నదే, కానీ దాంతో తలుపు మూసుకుపోతుంది. ఇక నోరు విప్పడు.

మీరు చేయాల్సింది వేరు. ముందు పూర్తిగా చెప్పనివ్వండి, పది నిమిషాలు పట్టినా సరే. తర్వాత ఒక కాగితం తీసి తేదీలు రాయించండి. తనకు జ్వరం ఏ రోజు వచ్చింది? అమ్మకు ఏ రోజు? ఆ వారంలో ఇంటికి ఎవరొచ్చారు, అమ్మ ఎక్కడికి వెళ్లింది, పాలు ఎవరు తెచ్చారు? వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి రెండు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఎక్కువమందికి నాలుగైదు రోజులు. లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచే అది ఇతరులకు అంటుతుంది. కొందరికి అసలు లక్షణాలే ఉండవు. కొడుక్కి సోమవారం, తల్లికి మంగళవారం జ్వరం వచ్చిందనుకోండి. ఇద్దరికీ ఒకే చోట అంటి ఉండవచ్చు, తల్లికే ముందు అంటి ఉండవచ్చు కూడా. ఇన్నేళ్లూ తలలో గిరగిరా తిరిగిన లెక్క కాగితం మీద పెడితే తేలదు. తేలదన్న సంగతి తన కళ్లతో తను చూడాలి.

ఒక్కోసారి తేదీలు సరిపోతాయి. అప్పుడు 'నీ వల్ల కాదులే' అని అబద్ధం చెప్పకండి, అతను నమ్మడు. "నీ నుంచే వచ్చి ఉండవచ్చు బాబూ. ఆ రోజు నీకు దగ్గు కూడా లేదు. తెలిసుంటే ఏం చేసేవాడివి?" అని అడగండి. "గదిలోంచి బయటికే వచ్చేవాణ్ణి కాదు" అంటాడు. ఆ జవాబు అతని నోటి నుంచే రావాలి. అక్కడ మీరు ఇంకేమీ అనకుండా కూర్చోండి. ఏడిస్తే ఏడవనివ్వండి, మంచినీళ్లు తెస్తానని లేచి వెళ్లకండి.

ఇంకో బాధ, అప్పట్లో కరోనాకు వాడిన రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ దొరకలేదన్నది. ఆ ఇంజెక్షన్ కోసం నగలు కుదువపెట్టి ఊళ్లు తిరిగి, దొరక్క వెనక్కి వచ్చినవాళ్లు ఇప్పటికీ తమను తాము క్షమించుకోలేదు. ఆస్పత్రిలో చేరినవాళ్ల ప్రాణాలు అది నిలబెడుతుందనడానికి రుజువు లేదని, వాళ్లకు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే చెప్పింది. 2022లో కొందరు రోగుల విషయంలో ఆ సలహా మార్చింది గానీ, వీళ్లు తిరిగిన రోజుల్లో ఉన్న సలహా అదే. ఈ సంగతి వాళ్లకు నెమ్మదిగా చెప్పండి. డబ్బు వృథాకు తిరిగారని వినిపించకూడదు, వాళ్లు చేయగలిగి చేయకుండా వదిలేసింది ఏదీ లేదని వినిపించాలి.

అంత్యక్రియల సంగతికొస్తాను. పెద్దలు దుఃఖానికి ఒక దారి వేసి ఉంచారు. శవం దగ్గర అందరూ కూడి ఏడవడం, పదకొండో రోజు, పెద్దకర్మ, నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. అన్నేసి సార్లు మనుషులు ఇంటికి వచ్చి పోయినవాళ్ల గురించి మాట్లాడతారు. ఆరు నెలలు దాటినా దుఃఖం అదే తీవ్రతతో మనిషిని రోజువారీ పనులు చేసుకోనివ్వకపోతే దాన్ని జబ్బుగా చూడాలని ఇప్పుడు వైద్యశాస్త్రం అంటోంది. కరోనాలో పెద్దలు వేసిన ఆ దారే తెగిపోయింది. పీపీఈ కిట్లలో ఉన్నవాళ్లు తీసుకెళ్లారు, ఇంట్లోవాళ్లు ఫోన్లో చూశారు, కొందరు అదీ చూడలేదు. మొహం చూడనందువల్ల 'నిజంగా పోయిందా' అన్న అనుమానం కొందరిలో ఇప్పటికీ ఉంది. ఆలస్యమైనా ఆ పని చేయించవచ్చు. కృష్ణ ఒడ్డున పిండప్రదానం కావచ్చు, సమాధి దగ్గర జ్ఞాపకార్థ ప్రార్థన కావచ్చు, ఖబరస్తాన్‌కు వెళ్లి ఫాతిహా చదవడం కావచ్చు. వాళ్ల పద్ధతిలో, వాళ్ల మనుషులతో. ముఖ్యంగా ఆ రోజు రాలేకపోయిన అన్నదమ్ములను, ఆడపడుచులను పిలిపించండి. పిల్లల్ని పక్కింటికి పంపేయకండి, వాళ్లూ ఉండాలి.

ఇక డిప్రెషన్ జబ్బు ఉందో లేదో చూడటం. రెండు ప్రశ్నలు చాలు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఎన్ని రోజులున్నారు? దిగులుగా, ఆశ లేనట్టుగా ఎన్ని రోజులున్నారు? అసలు లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగానికి పైగా రోజులంటే 2, దాదాపు రోజూ అంటే 3. రెండూ కలిపి 3 గానీ ఆపైన గానీ వస్తే తొమ్మిది ప్రశ్నల పత్రం, అదే పీహెచ్‌క్యూ-9, పూర్తి చేయించండి. మొత్తం 27కి 10 వచ్చినా డాక్టరు చూడాలి. పొరపాటు జరిగేది లెక్క దగ్గరే. 'ఆ, ఉంటుందిలే' అంటారు, మనం 1 వేసేస్తాం. అలా కాకుండా నిన్న ఎలా ఉంది, మొన్న ఎలా ఉంది, ఆదివారం ఎలా ఉంది అని రోజుల వారీగా అడగండి. అత్తగారి ఎదుట కోడల్ని అడిగితే అన్నీ సున్నాలే వస్తాయి, విడిగా కూర్చోబెట్టుకోండి.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. దానికి 1 వచ్చినా మొత్తంతో పనిలేదు, ఆ రోజే కదలాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడకండి, అడిగితే బరువు దిగుతుంది. సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని కూడా అనుకున్నారా?" గుంటూరు పల్లెల్లో తర్వాతి ప్రశ్న పురుగుమందు ఎక్కడుందన్నది. మిరప చేనున్న ఇంట్లో డబ్బా పశువుల కొట్టంలోనో, మంచం కిందో ఉంటుంది. ఆ ఆలోచన ముంచుకొచ్చి పోయేది చాలాసార్లు కాసేపట్లోనే. ఆ కాసేపు డబ్బా చేతికి అందకపోతే ప్రాణం దక్కుతుంది. మీ ఎదుటే దాన్ని వేరే ఇంటికి పంపించి తాళం వేయించండి. మనిషిని ఒంటరిగా వదలకండి. ఎవరైనా పురుగుమందు తాగేశారంటే పోలీసు కేసవుతుందని ఇంట్లో దాచిపెడతారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఈ ఒక్క మాట ప్రతి ఊళ్లోనూ తెలియాలి.

మాట్లాడటానికి టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సహాయ కేంద్రం ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నంబరు రాసిచ్చి వచ్చేయకండి. మీరే కలిపి, మొదటి రెండు మాటలు మీరు మాట్లాడి, ఫోను వాళ్ల చేతికివ్వండి.

మందుల విషయంలో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, మందుల షాపులో అడిగి ఆల్ప్రజోలామ్ అనే నిద్రమాత్ర తెచ్చుకుని నెలల తరబడి వేసుకోవడం. అది కొద్ది వారాల్లోనే అలవాటు చేస్తుంది, మానితే నిద్ర మరీ చెడుతుంది. రెండోది, దిగులుకు డాక్టరు రాసిన మాత్ర పది రోజులకే ఆపేయడం. అది పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, కంగారు ఉండవచ్చు. 'వేడి చేసింది' అని మానేసేది అప్పుడే. అందుకే ఐదో రోజున మీరు ఇంటికి వెళ్లండి. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఐసీయూలో ఉండి వచ్చినవాళ్లను మర్చిపోకండి. గోడల మీద పాములు కనిపించాయని, నర్సులు చంపబోతున్నారని అప్పుడు నమ్మినవాళ్లున్నారు. పిచ్చి అంటారని ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఆక్సిజన్ పడిపోవడం, జ్వరం, స్టెరాయిడ్లు, నిద్ర లేకపోవడం వల్ల మెదడు అలా తికమకపడుతుందని, చాలామందికి జరిగిందని చెప్పండి.

చివరగా మీ రిజిస్టరు గురించి. పోయినవాళ్ల పేరు పక్కన ఇంగ్లీషు తేదీతో పాటు తిథి కూడా రాసుకోండి. ఆ రెండూ దాదాపు ప్రతి ఏడాదీ వేరువేరు రోజుల్లో పడతాయి, ఇంట్లోవాళ్లు రెండు రోజులూ బాధపడతారు. ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి రోజులు మీ వార్డులో వరసగా వస్తాయి. ఒక్కో ఇంటికి వారం ముందే వెళ్లండి. ముందు నిద్ర ఎలా పడుతోందని అడగండి.