కిరాణా కొట్టు వెనక గదిలో బడి

అందరికీ నమస్కారం.

ఈ సభలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది టీచర్లే. అందుకే సెప్టిమా పాయిన్సెట్ క్లార్క్ గురించి మాట్లాడమని అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. అమెరికాలో నల్లజాతివాళ్ళ పౌరహక్కుల ఉద్యమం అనగానే మనకి మార్టిన్ లూథర్ కింగ్ గుర్తొస్తారు, రోజా పార్క్స్ గుర్తొస్తారు. ఆ ఇద్దరికీ దగ్గరగా పనిచేసిన ఈ టీచరమ్మ పేరు చాలామంది వినే ఉండరు. ఉద్యమంలో చేరడానికి ఆవిడ పాఠాలు చెప్పడం మానుకోలేదు. ఆవిడకి పాఠం చెప్పడమే ఉద్యమం. ఈ ఒక్క సంగతీ మీ ముందు పెట్టాలని వచ్చాను.

1898 మే 3న దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో పుట్టారు. తండ్రి పీటర్ బానిసగా పుట్టిన మనిషి. తల్లి విక్టోరియా హైతీలో పెరిగింది. ఒకరింట్లో పనిమనిషిగా ఉండనని పట్టుబట్టి, ఇంటి దగ్గరే బట్టలు ఉతుకుతూ సంసారం ఈదింది. సెప్టిమా 1916లో ఏవరీ నార్మల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువు ముగించి టీచర్ అయ్యారు. కానీ చార్ల్‌స్టన్ నగరం అప్పట్లో ప్రభుత్వ బడుల్లో నల్లవాళ్ళకి టీచర్ ఉద్యోగాలు ఇచ్చేది కాదు. దాంతో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఊరు దాటి జాన్స్ ఐలాండ్ అనే దీవికి వెళ్ళింది.

ఆ బడిలో 132 మంది పిల్లలు, ఇద్దరే టీచర్లు. ప్రిన్సిపాల్ బాధ్యత కూడా సెప్టిమాదే. నెల జీతం 35 డాలర్లు. రెండో టీచరుకి 25. రోడ్డుకి అవతల తెల్లపిల్లల బడి ఉంది. అక్కడ ముగ్గురు పిల్లలు, వాళ్ళకో టీచరు. ఆ టీచరు జీతం 85 డాలర్లు. ఈ అంకెలు ఆవిడ జీవితాంతం మర్చిపోలేదు. ఎవరు మాత్రం మర్చిపోతారు? రోజూ బడి గుమ్మంలో నిలబడితే ఎదురుగా కనపడే లెక్క కదా అది.

ఆ దీవి జనం మాట్లాడేది ఇంగ్లీషూ ఆఫ్రికా భాషలూ కలిసి పుట్టిన గల్లా భాష. పుస్తకాలా, సరిపడా లేవు. సెప్టిమా డ్రైక్లీనింగ్ బట్టలు చుట్టి ఇచ్చే కాగితం సంచుల మీద రాసి చదివించేవారు. ఏం రాసేవారంటే, పిల్లలు నడిచొచ్చే దారి గురించి, చుట్టూ పెరిగే చెట్టూ చేమా గురించి, వాళ్ళు చెప్పిన కథలు. పిల్లవాడికి తెలిసిన దాంట్లోంచే అక్షరం పుట్టాలి అనే పద్ధతి ఆవిడ ఏ ట్రైనింగులోనూ నేర్చుకోలేదు, పుస్తకాలు లేక నేర్చుకున్నారు. నలభై ఏళ్ళ తర్వాత ఇదే పద్ధతి అమెరికా దక్షిణాది రాష్ట్రాల ఓటర్ల జాబితాలనే మార్చేసింది. ఆ సంగతికి వస్తాను.

1919లో చార్ల్‌స్టన్‌కి తిరిగొచ్చి ఏవరీలో చెబుతున్నప్పుడు, నల్ల టీచర్లని ప్రభుత్వ బడుల్లోకి తీసుకోవాలని, నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడే సంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి. సంతకాల సేకరణ మొదలుపెట్టింది. సెప్టిమా తన క్లాసు పిల్లలతో కలిసి ఇంటింటికీ తిరిగారు. పదివేల సంతకాలు పోగయ్యాయి. మరుసటి ఏడాదే ఆ తలుపులు తెరుచుకున్నాయి.

సొంత జీవితంలో కష్టాలు తక్కువేం కాదు. మొదటి బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే పోయింది. భర్త 1925లో చనిపోయారు. టీచర్ జీతంతో పెంచలేక కొడుకుని అత్తమామల దగ్గర ఉంచాల్సి వచ్చింది. రాష్ట్ర రాజధాని కొలంబియా నగరంలో చాలా ఏళ్ళు పనిచేస్తూనే 1942లో బి.ఏ., 1946లో ఎం.ఏ. పూర్తిచేశారు. నల్ల, తెల్ల టీచర్లకి సమాన జీతం కోసం అక్కడ నడిచిన కేసుకి సాయపడ్డారు. అందులో నల్ల టీచర్ల తరఫున పోరాడిన లాయరు థర్‌గుడ్ మార్షల్. తర్వాతి కాలంలో అమెరికా సుప్రీంకోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయింది ఆయనే.

ఇక 1956కి వద్దాం. అంతకు రెండేళ్ళ ముందే బడుల్లో జాతుల వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దానికి బదులుగా దక్షిణ కరోలినా ఒక చట్టం తెచ్చింది. ప్రభుత్వ ఉద్యోగులెవరూ ఎన్.ఏ.ఏ.సి.పి.లో సభ్యులుగా ఉండకూడదు. సెప్టిమా దాచలేదు, సభ్యురాలినే అని రాసిచ్చారు. ఉద్యోగం పోయింది, దాంతోపాటు పెన్షనూ పోయింది. అప్పటికి ఆవిడకి 58 ఏళ్ళు, నలభై ఏళ్ళ సర్వీసు.

ఆ చట్టాన్ని ఎదిరిద్దాం రండి అని 726 మంది నల్ల టీచర్లకి తన సంతకంతో ఉత్తరాలు రాశారు. జవాబు రాసింది 26 మంది. బడుల పై అధికారిని కలవడానికి వచ్చింది ఐదుగురు. ఆవిడ గౌరవార్థం తోటి మహిళలు విందు ఏర్పాటు చేశారు గానీ, పక్కన నిలబడి ఫోటో దిగడానికి జంకారు. ఎక్కడ తమ ఉద్యోగాలు కూడా పోతాయోనని టెన్షన్. వాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు. సెప్టిమా కూడా వాళ్ళని నిందించలేదు. వాళ్ళని ముందుగా సిద్ధం చేయకుండా పిలవడం తన పొరపాటు అనుకున్నారు. క్లాసులో పిల్లలకి పాఠం ఎక్కకపోతే, ఎలా చెబితే ఎక్కేదా అని ఆలోచించే టీచర్ మనసు అది.

టెనెస్సీ రాష్ట్రంలో మైల్స్ హోర్టన్ నడిపే హైలాండర్ ఫోక్ స్కూల్, అంటే ఉద్యమాల్లో పనిచేసే పెద్దవాళ్ళకి శిక్షణ ఇచ్చే బడి, ఆవిడకి పని ఇచ్చింది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినే చోటు అది, ఆ రోజుల్లో అదే పెద్ద నేరం. ఉద్యోగం పోకముందే ఎండాకాలం సెలవుల్లో అక్కడ వర్క్‌షాపులు నడిపేవారు సెప్టిమా. 1955 వేసవిలో అలా వచ్చి కూర్చున్నవాళ్ళలో రోజా పార్క్స్ ఒకరు. మా మాంట్‌గోమరీలో జనం కలిసి నిలబడరు అని నిరాశగా చెప్పిన ఆవిడే, కొద్ది నెలలకి, డిసెంబర్ 1న, తెల్లవాళ్ళ కోసం బస్సులో సీటు నుంచి లేవనన్నారు.

ఇప్పుడు మళ్ళీ జాన్స్ ఐలాండ్‌కి రావాలి. ఆ రోజుల్లో దక్షిణ కరోలినాలో ఓటరుగా నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగం చదివి వినిపించాల్సి వచ్చేది. చదువు చెప్పనిదీ వాళ్ళే, చదవమని పరీక్ష పెట్టేదీ వాళ్ళే. ఆ దీవి నుంచి నగరానికి బస్సు నడిపే ఈసా జెంకిన్స్, ప్రయాణంలోనే కూలీలకి ఆ భాగం చెప్పేవాడు. ఆలిస్ వైన్ అనే ప్రయాణికురాలు దాన్ని మొత్తం బట్టీ పట్టేసింది. కానీ ఆవిడ కోరిక బట్టీ పట్టడం కాదు, నిజంగా చదవడం. నేర్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఆ కబురు జెంకిన్స్ ద్వారా హైలాండర్‌కి చేరింది.

1957 జనవరి 7న జాన్స్ ఐలాండ్‌లో ఆ బడి మొదలైంది. భవనం ముందు భాగంలో కిరాణా సరుకులు పెట్టారు, వెనక గదిలో బడి. గదికి కిటికీలు లేవు. తెల్లవాళ్ళు తొంగిచూడకూడదని అలా చూసుకున్నారు. టీచరుగా సెప్టిమా తనకి బంధువైన బెర్నీస్ రాబిన్సన్‌ని ఒప్పించారు. ఆవిడది బ్యూటీ పార్లర్, టీచర్ ట్రైనింగ్ లేదు. నల్ల ఆడవాళ్ళకే జడలు వేస్తుంది కాబట్టి తెల్లవాళ్ళు ఆవిడ పని ఊడగొట్టలేరు. 726 ఉత్తరాలు నేర్పిన పాఠం అది.

బెర్నీస్ మొదటిరోజు చిన్నపిల్లల పుస్తకాలు పట్టుకెళ్ళింది. నెరిసిన తలలని చూడగానే అవి పనికిరావని అర్థమైంది. పక్కన పెట్టేసి, మీకేం నేర్చుకోవాలనుందో చెప్పండి అని అడిగింది. పేరు రాయడం కావాలన్నారు. బైబిల్ చదవడం, మనీఆర్డర్ ఫారం నింపడం కావాలన్నారు. ఆ ఫారాలే పాఠ్యపుస్తకాలయ్యాయి. గోడకి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన తగిలించి, క్లాసులు అయిపోయేసరికి మీరంతా దీన్ని చదవాలి అంది.

ఆ గదిలో నన్ను కదిలించేది పెన్సిళ్ళ సంగతి. నాగలి పట్టిన చేతులవి. పెన్సిల్ పట్టుకుంటే టక్కున విరిగేది. విరిగినప్పుడల్లా ఆ పెద్దమనిషి ముఖం చిన్నబోయేది. అందుకే సెప్టిమా టీచర్లకి గట్టిగా చెప్పేవారు: విరిగితే విరగనివ్వండి, ఏమీ అనకుండా ఇంకోటి చేతిలో పెట్టండి. అరవై ఏళ్ళ మనిషి తోటివాళ్ళ ముందు సిగ్గుపడకుండా తప్పు చేయగలిగే చోటు కల్పించడం ఎంత కష్టమో వయోజనులకి చెప్పినవాళ్ళకి తెలుసు. పేరు అట్టమీద రాసిచ్చి, దాని మీదే మళ్ళీ మళ్ళీ వేలితో, పెన్సిల్‌తో దిద్దించేవారు. అంతవరకు సంతకం బదులు ఇంటూ గుర్తు పెట్టిన చెయ్యి అలా పేరు రాయడం నేర్చుకుంది.

పొలం పనులుండని ఆ చలికాలంలో, వారానికి రెండు రాత్రులు. మొదటి బ్యాచ్ పద్నాలుగు మందే. తర్వాత పక్క దీవులు కూడా మాకూ బడి కావాలన్నాయి. 1959లో పోలీసులు హైలాండర్ మీద దాడిచేసి, మద్యం ఉందన్న నెపంతో సెప్టిమాని అరెస్టు చేశారు. ఆవిడ మద్యం ముట్టని మనిషి. హైలాండర్‌ని మూయించేస్తారని అర్థమయ్యాక, 1961లో ఈ కార్యక్రమం మొత్తం కింగ్ సంస్థ ఎస్.సి.ఎల్.సి. కిందికి మారింది. జార్జియాలో డార్చెస్టర్ అనే కేంద్రంలో డొరతీ కాటన్, ఆండ్రూ యంగ్‌తో కలిసి ఆవిడ ఊరూరి నుంచి మనుషుల్ని తెచ్చి టీచర్లుగా తయారుచేశారు. డిగ్రీ అడగలేదు. గట్టిగా చదవగలగాలి, బోర్డు మీద నలుగురికీ అర్థమయ్యేలా రాయగలగాలి, అంతే. అలా తయారైనవాళ్ళు వేలమంది. మిసిసిపీ పత్తి చేలల్లో పనిచేసి, తర్వాత ఓటు హక్కు ఉద్యమ నాయకురాలైన ఫానీ లూ హేమర్ కూడా ఈ శిక్షణ పొందినవారే.

ఆ సంస్థలోనూ ఆవిడ మాట సులువుగా చెల్లలేదు. కార్యవర్గంలో ఈవిడెందుకని కింగ్ సన్నిహిత సహచరుడు రాల్ఫ్ అబర్నతీ అడిగేవారు. ప్రతి ఊరేగింపుకీ మీరే ముందు నడవక్కర్లేదు, ఊళ్ళలో నాయకుల్ని తయారుచేయండి అని సెప్టిమా కింగ్‌కి ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరం చదివి అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఇది చెప్పకుండా ఆవిడకి సన్మానం చేస్తే అది అబద్ధపు సన్మానం అవుతుంది. అయితే ఆవిడ పని విలువ కింగ్‌కి తెలుసు. 1964లో నోబెల్ శాంతి బహుమతి అందుకోవడానికి ఓస్లో వెళ్తూ ఆవిడని కూడా తీసుకెళ్ళారు.

1975లో చార్ల్‌స్టన్ కౌంటీ స్కూల్ బోర్డుకి ఎన్నికయ్యారు. టీచర్లని తీసుకునే, తీసేసే బల్లకి ఇటువైపు, 77 ఏళ్ళ వయసులో. మరుసటి ఏడాది రాష్ట్రం పెన్షన్ పునరుద్ధరించింది. తొలగించినప్పటి జీతం బకాయిలు రావడానికి 1981 దాకా పట్టింది.

1987 డిసెంబర్ 15న కన్నుమూశారు. ఎక్కడో తెలుసా? జాన్స్ ఐలాండ్‌లోనే, పద్దెనిమిదేళ్ళప్పుడు కాగితం సంచుల మీద మొదటి పాఠం రాసిన దీవిలో.