కూతకెళ్లే ముందు, కొండెక్కే ముందు

సభకు నమస్కారం. బెజవాడలో ఆటల మీద ప్రసంగం అంటే సగం మంది క్రికెట్ అనుకునే వస్తారు. క్రికెట్ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? ఈ పూట జట్టు ఆటల్లో కబడ్డీని, సాహస క్రీడల్లో తాడుతో కొండెక్కడాన్ని తీసుకుందాం. కబడ్డీలో తప్పు చేస్తే రిఫరీ ఈల వేస్తాడు. కొండ మీద ఈల వేసేవాడుండడు, మన తప్పు మనమే ముందుగా పట్టుకోవాలి.

పురుషుల కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10. జట్టుకు ఏడుగురు, కూతకు 30 సెకన్లు. మధ్య గీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్, అది దాటాక ఇంకో మీటరుకు బోనస్ లైన్. ఎవరినీ తాకకుండా, బాక్ లైనూ దాటకుండా తిరిగొస్తే రైడర్, అంటే కూతకెళ్లినవాడు, అవుటే. బోనస్, అంటే అదనపు పాయింటు, కావాలంటే ఎదుట కనీసం ఆరుగురుండాలి. ముందు కాలు బోనస్ లైన్ అవతల నేలను తాకాలి, ఆ క్షణంలో వెనక కాలు గాల్లో ఉండాలి. కొత్తవాళ్లు ముందు కాలు మీదే ధ్యాస పెట్టి వెనక కాలు ఈడుస్తారు. పాయింటు రాదు సరికదా, మూలన, అంటే కార్నర్‌లో, కాచుకున్నవాడికి చీలమండ చిక్కుతుంది.

పట్టేవాళ్లు చెడేది తొందరతో. కార్నర్ ఆటగాడొక్కడే ముందే మీద పడిపోతే రైడర్ అతణ్ణి ఈడ్చుకుంటూ చెయ్యి చాస్తాడు. వేలి కొస మధ్య గీతకు తగిలినా, పట్టుకున్నవాళ్లంతా అవుట్. చేతులు కలిపిన జంట దారి మూసేదాకా కార్నర్ ఆగాలి. ఇంకొకటి, మోకాలి లిగమెంటు గుద్దుకుంటేనే తెగదు. పాదం మ్యాట్‌కు అతుక్కుని ఒళ్లు తిరిగినా తెగుతుంది. ఒళ్లు వేడెక్కకుండా కూతకెళ్లొద్దు.

వాలీబాల్ ఆడేవాళ్లకు ఒక్క మాట: నెట్ ఎత్తు మధ్యలో కొలవండి, మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. మన మైదానాల్లో చాలా నెట్లు అక్కడే జారి ఉంటాయి.

ఇక సాహస క్రీడలు. సాగే తాడు కట్టుకుని ఎత్తు నుంచి దూకే బంగీలో భారమంతా నిర్వాహకుడిదే. బరువు తూచి దానికి తగ్గ తాడు కడతారు. తూచకుండానే దూకమంటే వచ్చెయ్యండి. కొండెక్కడం అలా కాదు, ముడి మనం వేసుకుంటాం, తాడు మన జతగాడు పట్టుకుంటాడు. కొండవీడు రాళ్లు చూసి ఉబలాటపడకుండా ముందు శిక్షకుడున్న గోడ మీద నేర్చుకోండి.

హార్నెస్ అంటే నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీలు. దాని నడుము పట్టీ తుంటి ఎముకలకు పైన బిగియాలి. కిందికి జారితే, తలకిందులైనప్పుడు మనిషే జారిపోవచ్చు. తాడును హార్నెస్ ముందున్న రెండు లూపుల్లోంచీ దూర్చి ఎనిమిది అంకె ముడి వెయ్యాలి, కొస జానెడు మిగలాలి. ఎక్కడానికి సాగే తాడే వాడాలి. సాగని తాడు మీద పడితే కుదుపంతా నడుముకే. కింద తాడు పట్టేవాడు బ్రేకు చేతిని, అంటే తాడును ఆపే చేతిని, ఒక్క క్షణమూ వదలకూడదు, ఫోన్ మోగినా సరే.

అన్నిటికన్నా మోసం దిగేటప్పుడే. 60 మీటర్ల తాడుతో 30 మీటర్లకు మించి ఎక్కితే, దించుతుండగా తాడు కొస కిందివాడి దగ్గరున్న తాడు ఆపే పరికరంలోంచి జారిపోతుంది, పైనున్నవాడు పడిపోతాడు. కొసకో ముడి వేస్తే అది అక్కడే ఆగుతుంది. అర నిమిషం పని, అయినా మానేస్తుంటారు.

మన ఎండకు రాయి కాలుతుంది, చేతులు చెమటకు జారతాయి. వేసవిలో ఎనిమిదింటికల్లా దిగిపోవాలి.

ఆ బల్ల మీద హార్నెస్‌లు, తాళ్లు ఉంచాం. ఇద్దరిద్దరుగా రండి. ఒకరు ముడి వెయ్యండి, రెండోవాళ్లు బకిల్, ముడి, క్యారబైనర్ (తాడును తగిలించే లోహపు కొక్కెం) తాళం చేత్తో తాకి చూడండి.