401(కె) ఎప్పుడు తీయాలి, ఎక్కడ పడాలి
(హన్మకొండలో, అమెరికా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల సభలో ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ అధ్యక్షులు చదివేశారు, నేను మళ్లీ చదవను. 401(కె) అంటే అమెరికాలో ఉద్యోగం చేసేవాళ్లు జీతంలోంచి రిటైర్మెంటు కోసం దాచుకునే ఖాతా. అమెరికా నుంచి వచ్చేసేవాళ్లకు మన దగ్గర ముందుగా దొరికే సలహా ఒకటుంది: "401(కె) అంతా తీసుకొనే రా, అక్కడుంటే ఇరుక్కుపోతది." ఈ మాట ఎన్ని ఇళ్లకు నష్టం తెచ్చిందో!

వయసు 45, ఖాతాలో లక్ష డాలర్లు అనుకుందాం. విమానం ఎక్కేముందు తీస్తే ఆ ఏడాది జీతానికి ఈ లక్ష కలిసి పై శ్లాబులోకి పోతుంది. 59½ ఏళ్లు నిండలేదు కాబట్టి అదనంగా 10 శాతం పన్ను. చేతికిచ్చేటప్పుడు పన్ను కింద పట్టుకునేది మాత్రం 20 శాతమే. మిగతా బాకీ రిటర్ను వేసేనాడు బయటపడుతుంది. అప్పటికి డబ్బు ఇక్కడ ప్లాటు కింద పోయి ఉంటుంది.

గ్రీన్ కార్డు వదిలేసి ఇక్కడికొచ్చాక తీస్తే, నేను అమెరికా నివాసిని కాదని చెప్పే డబ్ల్యూ-8బెన్ ఫారం ఇవ్వాలి. మామూలుగా 30 శాతం పట్టుకుంటారు. జీతం లేని ఏడాది కాబట్టి అక్కడ నివాసం లేనివాళ్లు వేసే 1040-ఎన్‌ఆర్ రిటర్ను వేసి కొంత వెనక్కి రాబట్టే వీలుంది. రెండు దేశాల పన్ను ఒప్పందంలో 20వ అధికరణం పింఛను మీద పన్ను వేసే హక్కు నివాస దేశానికే ఇచ్చింది. కానీ అక్కడ పింఛనంటే విడతలుగా వచ్చేది. మొత్తం ఒక్కసారే లాగితే ఆ రక్షణ అడగడం కష్టం.

ఇక మన ఆదాయపు పన్ను. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ఎన్‌ఆర్‌ఐ అయినా, గత ఏడేళ్లలో ఇక్కడ ఉన్నది 729 రోజులు దాటకపోయినా, వచ్చిన కొత్తలో ఆర్‌ఎన్‌ఓఆర్, అంటే ఇక్కడ నివాసే అయినా సాధారణ నివాసి కాదనే హోదా ఉంటుంది. మామూలుగా రెండు మూడేళ్లు. పండక్కొచ్చి ఉన్న రోజులూ లెక్కే. పాస్‌పోర్టు ముద్రలు దగ్గర పెట్టుకొని లెక్కేయండి. ఆ ఏళ్లలో 401(కె) సొమ్ముకు ఇక్కడ పన్ను లేదు, కానీ సొమ్ము ముందు అమెరికా బ్యాంకు ఖాతాలో పడాలి. నేరుగా ఇక్కడి ఖాతాకు వేయించుకుంటే ఇండియాలో అందిన ఆదాయమై పన్ను పడుతుంది. అందుకే అక్కడి ఖాతా మూసేయకండి అని మొత్తుకునేది. 59½ దాటినవాళ్లకు ఈ కాలం బంగారం.

ఆ హోదా పోయాక, ఖాతాలో పెరిగేదానికి ఏటేటా ఇక్కడ పన్ను కట్టకుండా, అక్కడ పన్ను పడే ఏడాదే కట్టే వీలు మన పాత ఆదాయపు పన్ను చట్టంలోని 89ఏ సెక్షన్‌తో వచ్చింది. కొత్త 2025 చట్టంలో అది 158వ సెక్షన్. అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలకే. గడువులోగా ఫారం వేయాలి. ఒకసారి ఒప్పుకుంటే వెనక్కి తీసుకోలేం.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. అయినా ఈ ఒక్కటి చెప్పకుండా దిగను. ఇక్కడ స్థిరపడిన, అమెరికా పౌరుడు కాని మనిషి పోతే, అక్కడున్న ఆస్తిలో 60 వేల డాలర్లకే వారసత్వ పన్ను మినహాయింపు. 401(కె) కూడా ఆ ఆస్తే. ఈ పన్ను మీద మనకూ వాళ్లకూ ఒప్పందం లేదు. మూడు లక్షల డాలర్లుంటే పన్ను సుమారు 75 వేల డాలర్లు! భార్యకు దక్కే సొత్తుకు ఉండే మినహాయింపు, ఆమె అమెరికా పౌరురాలు కాకపోతే మామూలుగా దొరకదు. మరణించిన తొమ్మిది నెలల్లో ఈ వారసత్వ పన్నుకు 706-ఎన్‌ఏ అనే రిటర్ను వేయాలి. అమెరికా పన్ను శాఖ నుంచి బదిలీ ధ్రువపత్రం తెమ్మని ప్లాన్ వాళ్లు, అంటే 401(కె) ఖాతా నడిపేవాళ్లు అడిగితే, అది చేతికొచ్చేదాకా ఆ ఇల్లాలికి పైసా రాదు. కాబట్టి ముందే తీస్తే 10 శాతం పోతుందనీ, ఉంచితే ఈ ప్రమాదమనీ రెండూ పక్కపక్కన రాసుకొని, విడతలుగా ఎన్నేళ్లలో తీయాలో తేల్చుకోండి.

తల్లిదండ్రులారా, ఇవాళే పిల్లలను అడగండి: ఖాతాలో నామినీ పేరు ఎవరిది? పెళ్లికి ముందు రాసిన పేరే ఇంకా ఉందా? ప్లాన్ పేరు, ఖాతా నంబరు, వాళ్ల ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి కోడలికీ ఒక కాపీ ఇవ్వమనండి.