ఇంట్లో తూటాలు నింపుకోవడం: అసలు పనంతా తూకం దగ్గరే

హోస్ట్: నమస్కారం. బెంగళూరు నుంచి మాట్లాడుతున్నాను. అమెరికాలో ఉంటూ పిస్టల్ షూటింగ్ సాధన చేస్తున్న మన శ్రోతలు కొందరు, కాల్చిన తూటాల ఖాళీ కేసులను, అంటే ఇత్తడి తొడుగులను, ఇంట్లోనే మళ్లీ నింపుకోవడం, అంటే రీలోడింగ్, ఎలా మొదలుపెట్టాలని అడుగుతున్నారు. టెక్సస్‌లో ఉద్యోగం చేసినంతకాలం ఆ పని శ్రద్ధగా చేసి, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో స్థిరపడిన మా బాబాయ్ ఈ రోజు మనతో ఉన్నారు. ముందు ఏం చెబుతారు బాబాయ్?

బాబాయ్: ముందు చట్టం సంగతి చెబుతానమ్మా. ఈ మాటలు ఇక్కడ బెంగళూరులోనో చెన్నైలోనో వింటున్నవాళ్లు ఈ పనికి పూనుకోకూడదు. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం తయారీ లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం, 2019 సవరణ తరువాత దానికి కనీస శిక్ష ఏడేళ్లు. తుపాకి ఉంచుకోవడానికి లైసెన్సు ఉన్నా తూటాలు నింపుకునే హక్కు దానితో రాదు. అందుకే తిరిగి వచ్చేముందు తూటాలు నింపే నా ప్రెస్సు, అందులో బిగించే అచ్చులైన డైలు అన్నీ అక్కడే అమ్మేశాను. ఇక్కడ సాధన చేయాలనుకునేవాళ్లు ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టవచ్చు. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ ఆయుధాలకు 2016 ఆయుధాల నిబంధనల కింద లైసెన్సు అక్కర్లేదు.

హోస్ట్: అమెరికాలో మాత్రం అనుమతి ఉందా?

బాబాయ్: సొంతానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి తయారుచేస్తే కావాలి. ఉంటున్న రాష్ట్రం, నగరం నిబంధనలు, అద్దె ఇల్లయితే ఒప్పందం కూడా చూసుకోవాలి.

హోస్ట్: డబ్బు ఆదా అవుతుందనే చాలామంది దీనిలోకి వస్తారు కదా?

బాబాయ్: తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి కేసు, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల పౌడరు అంటే తుపాకి మందు, మూతి దగ్గర బుల్లెట్టు. కాల్చాక మిగిలేది కేసు, ఖరీదైన భాగమూ అదే. కాబట్టి ఆదా ఉన్నమాట నిజమే. అయితే 9 ఎంఎం సైజు కంపెనీ తూటాలు అక్కడ చౌకగానే దొరుకుతాయి కనుక వాటిలో మిగిలేది తక్కువ, .45 కోల్ట్, .44 మాగ్నమ్ లాంటి సైజుల్లో తేడా బాగా కనిపిస్తుంది. నా అభిప్రాయంలో తన పిస్టల్‌కు తగ్గట్టు, ఒకే తీరుగా కాలే తూటా కావాలనుకునేవాడికే ఈ పని తగినది. పొదుపు కోసమే వచ్చినవాడు తొందరపడతాడు, ఇక్కడ తొందర పనికిరాదు.

హోస్ట్: సామాను ఏమేం కావాలి?

బాబాయ్: అన్నిటికంటే ముందు పౌడరు కంపెనీ గానీ బుల్లెట్టు కంపెనీ గానీ అచ్చువేసిన రీలోడింగ్ మాన్యువల్ కొని, మొదటి అధ్యాయాలు పూర్తిగా చదవాలి. ప్రెస్సు ఆ తరువాతి మాట. కొత్తవాళ్లకు సింగిల్ స్టేజ్ ప్రెస్సే మంచిది, ఎందుకంటే అందులో మీట ఒక్కసారి లాగితే ఒక్క పనే జరుగుతుంది, ఏం జరిగిందో కళ్లారా చూడవచ్చు. దానికి కార్బైడ్ అనే గట్టి పదార్థంతో చేసిన డైల సెట్టు, నమ్మదగిన త్రాసు, పొడవు కొలిచే కాలిపర్, కళ్లద్దాలు చేరాలి. కార్బైడ్ డై అయితే తిన్నని గోడల పిస్టల్ కేసులకు లూబ్, అంటే జారుడు కోసం పూసే నూనె, రాయాల్సిన అవసరం ఉండదు.

హోస్ట్: షూటింగ్ రేంజిలో ఏరుకున్న కేసులన్నీ పనికొస్తాయా?

బాబాయ్: రావు. అయస్కాంతానికి అంటుకున్నవి ఉక్కువి, వాటిని పక్కన పెట్టాలి. అల్యూమినియంవీ వద్దు. మిగిలిన ఇత్తడి కేసులను ఒక్కొక్కటిగా తిప్పి మూతి దగ్గర చీలిక, అడుగున ఉబ్బు ఉన్నాయేమో చూడాలి. లోపలికి లైటు వేస్తే అడుగున ఒకే రంధ్రం కనిపించేది బాక్సర్ రకం, రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్ రకం. పాత ప్రైమరును బయటికి నెట్టే మామూలు డై సూది బాక్సర్ రకానికే పనికొస్తుంది, అమెరికాలో ఎక్కువగా దొరికేదీ అదే.

హోస్ట్: ప్రమాదం ఎక్కడ ఉంది?

బాబాయ్: పౌడరు దగ్గరమ్మా. దాన్ని గ్రెయిన్లలో తూస్తారు. ఒక పౌండులో 7,000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిను దాదాపు 0.065 గ్రాములు. పిస్టల్ తూటాకు పట్టేదే కొద్ది గ్రెయిన్లు, అందులో పిసరంత తేడా వచ్చినా పీడనం మారిపోతుంది. మాన్యువల్లో ప్రతి బుల్లెట్టు బరువుకూ ఆరంభ తూకం, గరిష్ఠ తూకం అని రెండు ఉంటాయి. ఆరంభ తూకంతోనే మొదలుపెట్టాలి. స్నేహితుడు చెప్పిన అంకెను ఎంత నమ్మకస్తుడైనా మాన్యువల్లో చూడకుండా వాడకూడదు. 9 ఎంఎం కేసు చిన్నది కనుక బుల్లెట్టు కాస్త లోతుగా దిగినా పీడనం పెరుగుతుంది, అందుకే మొత్తం పొడవును కాలిపర్‌తో కొలవాలి. ఆ తూటాకు ప్రామాణిక గరిష్ఠ పొడవు 29.69 మిల్లీమీటర్లు, కానీ మనం పాటించాల్సింది మన బుల్లెట్టుకు మాన్యువల్ ఇచ్చిన పొడవును.

హోస్ట్: రెండుసార్లు పౌడరు పడిపోవడం అనేది నిజంగా జరుగుతుందా?

బాబాయ్: జరుగుతుంది. .38 స్పెషల్ అనే రివాల్వరు తూటానే తీసుకో. పాతకాలపు నల్లమందు రోజుల కొలతలతో పుట్టిన పొడవాటి కేసు అది. నేటి పొగలేని మందు అందులో అడుగున కొంచెమే ఉంటుంది, కాబట్టి పొరపాటున రెండో మోతాదు పడినా పొంగదు, పైనుంచి తెలియదు. అలా కాల్చిన రివాల్వరు చేతిలోనే బద్దలు కావచ్చు. దానికి విరుగుడు నేను పాటించిన పద్ధతే చెబుతాను. యాభై గుంటల చెక్క పలకలో కేసులను మూతి పైకి నిలబెట్టి, అన్నిటికీ పౌడరు పోశాక, బుల్లెట్టు పెట్టకముందే టార్చి వెలుతురు ఏటవాలుగా వేసి వరుస వెంట వరుస చూడాలి. ఎత్తుగా కనిపించినా, ఖాళీగా కనిపించినా ఆ కేసును తీసి, ఒంపి, మళ్లీ తూచాలి. ఆ సమయంలో ఫోను పక్క గదిలో ఉండాలి, ఎవరైనా పిలిస్తే ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకోవడం కాదు, ఆ పలక మొత్తం మళ్లీ మొదటి నుంచి చూడాలి.

హోస్ట్: పౌడరు అసలే పడకపోతే?

బాబాయ్: అదీ ప్రాణాంతకమే. ప్రైమరు ఒక్కటే పేలి బుల్లెట్టును గొట్టంలోకి నెట్టి అక్కడ ఇరికిస్తుంది. దీన్ని స్క్విబ్ అంటారు. చప్పుడు మందంగా ఉంటుంది, చేతికి తగలాల్సిన ఎదురుదెబ్బ సరిగ్గా తగలదు. వెంటనే ఆగి, పిస్టల్‌ను సురక్షితమైన దిక్కుకే ఉంచి, ఖాళీ చేసి, గొట్టంలో అడ్డు ఉందేమో చూడాలి. చూడకుండా రెండో తూటా కాలిస్తే గొట్టం పగులుతుంది.

హోస్ట్: ఇంట్లో పిల్లలుంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

బాబాయ్: ప్రైమర్లలో సాధారణంగా సీసం ఉంటుంది, కాల్చిన కేసుల మసిలోనూ అది చేరుతుంది. పొడిగా తిప్పి శుభ్రం చేసే యంత్రం దుమ్మును గాలిలోకి లేపుతుంది కాబట్టి దాన్ని ఇంటి బయట నడపాలి, లేదా స్టీలు పిన్నులతో నీళ్లలో కడిగే పద్ధతి ఎంచుకోవాలి. ఆ బల్ల దగ్గర తినకూడదు, పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, వంటింటి గిన్నెలు ఈ పనికి వాడకూడదు. పౌడరు, ప్రైమర్లు కంపెనీ డబ్బాల్లోనే, వేరువేరుగా, తాళం వేసి ఉంచాలి. బల్ల మీద ఒకసారికి ఒకే పౌడరు డబ్బా ఉండాలి. లేచేముందు కొలత యంత్రంలో మిగిలిన పౌడరును ఆ డబ్బాలోకే తిరిగి పోసి మూత బిగించాలి, ఏ పౌడరో అనుమానం వస్తే దాన్ని వాడకుండా పారబోయాలి.