పోయిన వారం ఏం రాసుకున్నాం?

శ్రోతలకు నమస్కారం.

ఉగాదికో, జనవరి ఒకటికో మనలో చాలామంది ఒక మాట అనుకుంటాం. రోజూ నడవాలి. నెలకింత దాచాలి. పరీక్షకు చదవాలి. మూడో వారం వచ్చేసరికి ఆ మాట అటకెక్కుతుంది. బద్ధకమని మనల్ని మనమే తిట్టుకుంటాం. నేను బద్ధకం కంటే ముందు ఇంకో కారణం చూస్తాను. ఆ మాట మనకు తప్ప ఎవరికీ తెలీదు. అడిగేవాళ్లు లేరు.

అడిగేవాళ్లుంటే ఏమవుతుందో తెలియాలంటే మన ఊళ్లలోని పొదుపు సంఘం దాకా వెళ్తే చాలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ తర్వాత ఆ జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు ఊపందుకుంది. ఆ చరిత్ర పెద్దది, ఇవాళ దాంట్లోకి పోను. సమావేశం ఎలా జరుగుతుందో మాత్రం చెబుతాను.

పది నుంచి పదిహేను మంది. ఒకే రోజు, ఒకే వేళ, ఒకే చోటు. చాప పరిచి గుండ్రంగా కూర్చుంటారు. ముందుగా పోయిన సమావేశంలో రాసుకున్న తీర్మానాలు పైకి చదువుతారు. తర్వాత ఒక్కొక్కరూ పేరు చెప్పి, పొదుపు ఎంతో చెప్పి, డబ్బు అందరి ముందూ పెడతారు. లెక్క అక్కడికక్కడే పుస్తకంలోకి ఎక్కుతుంది. అప్పు తీసుకున్నామె ఈసారి కంతు కట్టలేకపోతే, ఆ సంగతి కూడా అక్కడే చెప్పాలి. "ఏమైంది వదినా? వచ్చేవారం ఎంత కట్టగలవు?" అని అడుగుతారు. ఆమె చెప్పిన అంకె రాసుకుంటారు. రాసుకున్నది మళ్లీ వారం పైకి చదువుతారు. అసలు బలం ఇక్కడే ఉంది. రాసుకున్నది మళ్లీ వారం పైకి చదువుతారు.

మరి సంఘాలు ఎక్కడ దెబ్బతింటాయి? కూర్చోవడం మానేసిన చోట. లీడరు ఇంటింటికీ తిరిగి డబ్బు తెస్తుంది, సంతకాలు గడప దగ్గరే పెట్టించుకుంటుంది, పుస్తకం నెలాఖరున ఒక్కసారే రాస్తారు. పొదుపు జమవుతూనే ఉంటుంది. కానీ ఎవరు ఎంత బాకీయో పక్కామెకు తెలీదు. అడిగేవాళ్లు లేకుండా పోతారు. ఒకరి కంతు ఆగితే రెండో వాళ్లదీ ఆగుతుంది.

ఇదే పద్ధతి మీ సొంత పనికి పెట్టుకోండి. పదిహేను మంది అక్కర్లేదు, ముగ్గురు చాలు. భార్యాభర్తలు ఒకరినొకరు అడగడం మొదలుపెడితే అది రెండో రోజుకే దెప్పుడులోకి దిగుతుంది, అందుకే బయటివాళ్లు మేలు. మీలాగే ఏదో ఒకటి సాధించాలనుకుంటున్న స్నేహితులో, పక్కింటివాళ్లో అయితే బాగుంటుంది. వాట్సాప్ గ్రూపు ఒక్కటే పెట్టి ఊరుకోకండి. పది రోజుల్లో అది శుభోదయాలతో నిండిపోతుంది. వారానికోసారి ఎదురెదురుగా కూర్చోండి. కుదరకపోతే ఫోన్లో ముగ్గురూ కలవండి. ఇరవై నిమిషాలు చాలు.

పుస్తకంలో ఏం రాయాలన్నదే ముఖ్యం. "బరువు తగ్గుతాను" అని రాయకండి. బరువు మన చేతిలో పూర్తిగా లేదు. "సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం ఆరింటికి, అరగంట నడుస్తాను" అని రాయండి. నడిచారా లేదా, అవునో కాదో చెప్పగలగాలి. "కొంచెం చదివాను" అనే జవాబుకు చోటివ్వకండి. ఎన్ని రోజులు, ఎన్ని పేజీలు, అంతే.

తప్పినవాళ్లను తిట్టొద్దు. తిట్టు తిన్నవాళ్లు మళ్లీ వారం అబద్ధమన్నా చెబుతారు, రావడమన్నా మానేస్తారు. "పర్లేదులే" అని వదిలేయొద్దు కూడా. రెండే ప్రశ్నలు అడగండి. ఏం అడ్డొచ్చింది? ఈ వారం ఏం మారుస్తావు? ఆరింటికి పిల్లల క్యారేజీ సర్దాల్సి వస్తుంటే నడక సాయంత్రానికి మార్చాలి. ఐదు రోజులు కుదరకపోతే మూడు రోజులని రాసుకోవాలి. చిన్నదైనా, నిలబెట్టుకోగల మాట రాయించండి. జరిమానా పెట్టుకుంటే పది రూపాయలు దాటనివ్వకండి. ఎక్కువైతే డబ్బు కట్టేసి చేతులు దులుపుకుంటారు.

ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే ఒక్కటి మాత్రం వదలకండి. సమావేశం మొదట్లో పోయిన వారం పేజీ తీసి పైకి చదవండి. కబుర్లకు ముందు, టీకి ముందు. ఒకరు రాసుకున్నది ఇంకొకరు చదివితే ఇంకా మంచిది. మన మాట పక్కవాళ్ల నోట వింటే దాటవేయడం కష్టం. వరసగా రెండు వారాలు రానివాళ్లకు మిగతా ఇద్దరిలో ఒకరు ఆ రోజే ఫోన్ చేయాలి. చేసినప్పుడు ముందు ఒంట్లో బాగుందా అని అడగండి, లెక్క తర్వాత. ఎవరు చేయాలో మొదటి రోజే పేరు రాసి పెట్టుకోండి. లేకపోతే ఇద్దరూ రెండోవాళ్లు చేస్తారులే అనుకుంటారు.

నమస్కారం.