జర్మనీలో స్వయం ఉపాధికి అనుమతి: దరఖాస్తుకు ముందే తేల్చుకోవలసిన సంగతి

నమస్కారం. జర్మనీలో ఎవరి దగ్గరా ఉద్యోగానికి కుదరకుండా, సొంతంగా పని చేసుకోవాలనుకునే విదేశీయులకు అనుమతి ఎలా దొరుకుతుందో ఈ వీడియోలో చూద్దాం. ముందుగా ఒక మాట. వర్క్ పర్మిట్ అనే పేరుతో విడిగా ఒక కాగితం కోసం వెతకకండి. 2005లో కొత్త వలస చట్టం అమలులోకి వచ్చినప్పటి నుంచి, ఏ పని చేయవచ్చో, ఏది చేయకూడదో నివాస అనుమతిలోనే రాసి ఇస్తున్నారు.

ఇప్పుడు తెర మీద కనిపిస్తున్నది నివాస చట్టంలోని 21వ సెక్షన్. దీనిలో మొదటి ఉపవిభాగం వ్యాపారం చేసేవారి గురించి, ఐదవది ఫ్రైబెరూఫ్లర్ల గురించి, అంటే స్వతంత్ర వృత్తులవారి గురించి చెబుతుంది. మీరు ఈ రెండింటిలో ఎటు వస్తారన్నది మొదట తేల్చుకోవాలి. చాలా దరఖాస్తులు చిక్కుల్లో పడేది ఇక్కడే అని నా అభిప్రాయం.

స్వతంత్ర వృత్తులు ఏవో ఆదాయపు పన్ను చట్టంలోని 18వ సెక్షన్ చెబుతుంది. వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, పాత్రికేయులు, అనువాదకులు, దుభాషీలు, కళాకారులు, రచయితలు, బోధకులు, వీరికి దగ్గరగా ఉండే ఇతర వృత్తులవారు అందులోకి వస్తారు. దుకాణం, హోటల్, ఆన్‌లైన్ అమ్మకాలు వంటివన్నీ గెవెర్బె, అంటే వ్యాపారం. మధ్యలో ఉండేవారికే తంటా. పత్రికలకు ఫొటోలు తీసే వ్యక్తి స్వతంత్ర వృత్తిలోకి వస్తే, పెళ్లిళ్లకు తీసే వ్యక్తిని సాధారణంగా వ్యాపారి కిందే లెక్కిస్తారు. సాఫ్ట్‌వేర్ రాసేవారి విషయంలో చదువును, చేసే పని స్వభావాన్ని చూసి పన్ను కార్యాలయం నిర్ణయిస్తుంది. కాబట్టి దరఖాస్తులో మీ పనిని "ఐటీ సేవలు" అని రెండు ముక్కల్లో తేల్చేయకుండా, రోజూ ఏమి చేస్తారో, ఎవరికోసం చేస్తారో వివరంగా రాయండి.

ఈ తేడాకు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, వ్యాపారి తన వ్యాపారం మీద ఆర్థికపరమైన ఆసక్తి గానీ, ఆ ప్రాంతంలో దాని అవసరం గానీ ఉందని, దానివల్ల ఆర్థిక వ్యవస్థకు మేలు జరుగుతుందని, పెట్టుబడి సొంత డబ్బుతోనో ఖాయమైన రుణంతోనో సమకూరిందని చూపించాలి. స్వతంత్ర వృత్తివారికి ఈ మూడు షరతులూ లేవు. అయితే వృత్తికి లైసెన్సు అవసరమైతే అది చేతిలో ఉండాలి, లేదా ఇస్తామన్న హామీ అయినా ఉండాలి. రెండున్నర లక్షల యూరోల పెట్టుబడి, ఐదు ఉద్యోగాలు అనే లెక్క మీకు ఎక్కడైనా కనిపిస్తే, అది 2012లోనే చట్టం నుంచి తొలగిపోయిందని గుర్తుంచుకోండి.

ఇక కాగితాలు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు బయలుదేరే ముందే జాతీయ వీసా, అంటే ఎక్కువ కాలం ఉండడానికి ఇచ్చే వీసా తీసుకోవాలి. దాని రుసుము 75 యూరోలు. పర్యాటక వీసాతో వెళ్లి అక్కడ మార్చుకుందామనే ఆలోచన పెట్టుకోవద్దు. అమెరికా, కెనడా, జపాన్, ఆస్ట్రేలియా పౌరులకు మాత్రం దేశంలోకి వచ్చాక దరఖాస్తు చేసే వెసులుబాటు ఉంది. డిగ్రీలు, చేసిన పనుల నమూనాలు, ఆదాయ వ్యయాల అంచనా, ఆరోగ్య బీమా తప్పనిసరిగా జతచేయండి. ప్రయాణ బీమా దీనికి సరిపోదు. 45 ఏళ్లు దాటినవారు వృద్ధాప్యానికి తగిన పొదుపు ఉందని కూడా చూపించాలి.

వీటన్నిటికంటే బరువైనది క్లయింట్ల లేఖ. జర్మనీలోని సంస్థ ఏదైనా మీకు పని ఇవ్వాలనుకుంటున్నట్లు, ఆ పని ఏమిటో, ఎన్నాళ్లో, ఎంత చెల్లిస్తుందో రాసి ఇస్తే, మీ అంచనాలోని అంకెలకు ఆధారం దొరుకుతుంది. ఒక్క సంస్థ లేఖే పెడితే మాత్రం అనుమానం రావచ్చు. ఒకే యజమాని దగ్గర, వాళ్లు చెప్పిన వేళల్లో, వాళ్ల కుర్చీలో కూర్చుని చేసే పనిని అక్కడ బూటకపు స్వయం ఉపాధి అంటారు. అది బయటపడితే పని ఇచ్చినవారు కూడా సామాజిక బీమా బకాయిలు కట్టాల్సి వస్తుంది.

జర్మనీ చేరాక ఇల్లు దొరికిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. అందుకు ఇంటి యజమాని ఇచ్చే ధ్రువపత్రం కావాలి. ఆ తర్వాత ఎల్‌స్టర్ అనే పన్ను పోర్టల్‌లో ప్రశ్నావళి నింపితే పన్ను సంఖ్య వస్తుంది. వ్యాపారులైతే వ్యాపార నమోదు కార్యాలయానికి కూడా వెళ్లాలి. వ్యక్తిగా వ్యాపారం చేసేవారికి ఏడాదికి 24,500 యూరోలు దాటిన లాభంపై వ్యాపార పన్ను పడుతుంది. స్వతంత్ర వృత్తివారికి ఆ పన్ను లేదు.

అనుమతిని ఒక విడతలో గరిష్ఠంగా మూడేళ్లకు ఇస్తారు. వ్యాపారం నిలదొక్కుకుని, కుటుంబ పోషణకు సరిపోయే ఆదాయం ఉంటే, వ్యాపారికి మూడేళ్ల తర్వాతే శాశ్వత నివాసం దొరికే వీలుంది. విచిత్రంగా ఈ తొందర దారి స్వతంత్ర వృత్తివారికి లేదు. వారు మామూలుగా ఐదేళ్లు ఆగాలి. ప్రవేశం సులువైన చోట నిరీక్షణ ఎక్కువన్నమాట.

ఇప్పటికే ఉద్యోగంపై అక్కడ ఉండి, పక్కన సొంత పని చేయాలనుకునేవారు వీసా మార్చుకోనక్కర్లేదు. అదే సెక్షన్‌లోని ఆరవ ఉపవిభాగం కింద అదనపు అనుమతి అడిగితే సరిపోతుంది, కానీ మొదటి ఇన్‌వాయిస్ పంపకముందే అడగాలి. పొడిగింపు కోరేవారు కూడా గడువు ముగియకముందే దరఖాస్తు చేయాలి. అప్పటికల్లా పన్ను నోటీసులు, చెల్లింపుల రికార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒక ఫైలులో సిద్ధంగా పెట్టుకోండి.