ఇంకా చీకటి ఉండగానే

శ్రోతలందరికీ నమస్కారం.

2024 సెప్టెంబరు మొదటి వారాన్ని విజయవాడ వాళ్లం మర్చిపోలేం. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయింది. మా చర్చి సంఘంలో స్త్రీల సమాజం వాళ్లం తెల్లవారుజామునే పొయ్యిలు వెలిగించి, పులిహోర కలిపి పొట్లాలు కట్టేవాళ్లం. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర, నడుము దాకా తడిసిన చీరతో వచ్చిన ఓ పెద్దావిడ పొట్లం అందుకుని, "ముందు కాసిని మంచినీళ్లు ఇవ్వమ్మా" అంది. ఆ గొంతు నాకింకా వినపడుతూనే ఉంటుంది.

నీళ్లు తీశాక దుప్పట్లు పంచడం, ఇళ్లు కడగడంలో సాయానికి వెళ్లడం. అవయ్యేసరికి క్రిస్మస్ పనులు, క్వయర్ ప్రాక్టీసు, సండేస్కూలు పిల్లల నాటకం. డిసెంబరు నెలాఖరున ఓ రాత్రి బైబిల్ తెరిస్తే మడతపెట్టిన కాగితాలు జారి ఒళ్లో పడ్డాయి. అన్నీ నా చేతిరాతే. ఒకటి స్త్రీల కూటంలో చెప్పడానికి, ఒకటి పిల్లలకు, ఒకటి చావు జరిగిన ఇంట్లో ఆదరణ మాటలు చెప్పడానికి. నా కోసం రాసుకున్నది ఒక్కటీ లేదు. మోకరించాను. జబ్బున్నవాళ్ల పేర్లు, కష్టంలో ఉన్నవాళ్ల పేర్లు గడగడా వచ్చాయి. అవి అయిపోయాక దేవునితో చెప్పుకోవడానికి నాకు మాటే దొరకలేదు. నిజంగా భయం వేసింది.

ఇలాంటప్పుడు చాలామంది మార్త, మరియల సంగతి ఎత్తుతారు. యేసు ఇంటికొస్తే మార్త వడ్డన పనుల్లో మునిగిపోయింది, చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింది. పనిచేసేవాళ్లను తప్పుపట్టడానికి దాన్ని వాడటం నాకు న్యాయంగా తోచదు. ఆకలిగా ఉన్నవాళ్లకు అన్నం పెట్టమన్నదీ యేసు ప్రభువే. ఆయన మార్తతో అన్నది ఆవిడ పడుతున్న తొందర గురించి, విచారం గురించి.

నాకు దారి చూపింది మార్కు సువార్త మొదటి అధ్యాయం. కపెర్నహూములో సాయంత్రం పొద్దు గుంకాక ఊరంతా ఒక ఇంటి వాకిట్లో చేరింది. యేసు ఎంతోమంది రోగులను బాగుచేశాడు. అంత పని చేసిన మర్నాడే, ఇంకా చీకటి ఉండగానే లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థన చేసుకున్నాడు. శిష్యుడు సీమోను, అతనితో ఉన్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చి, అందరూ నిన్నే వెతుకుతున్నారన్నారు. ఆయన వెనక్కి వెళ్లలేదు. పక్క ఊళ్లకు వెళ్దాం పదండి అన్నాడు.

ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎవరు పిలిస్తే అక్కడికి పరిగెత్తడమే పరిచర్య అనుకున్నాను ఇన్నేళ్లూ. ఆయన మాత్రం ఏ పనికి వెళ్లాలో తండ్రి సన్నిధిలో తేల్చుకుని లేచాడు.

జనవరిలో పాస్టర్ అయ్యగారి దగ్గరికి వెళ్లి, క్వయర్ బాధ్యత ఇంకెవరికైనా ఇవ్వమని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. "ఆవిడ భక్తిలో చల్లారిపోయింది" అని ఒకరిద్దరు అన్నారు, బాధేసింది. సండేస్కూలు మాత్రం వదల్లేదు, అది నా పనే అని నాకు తెలుసు.

ఇప్పుడు పాల ప్యాకెట్ వచ్చేలోపు వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఫోను పక్కగదిలో ఉంటుంది, పెన్ను పట్టుకోను. కొన్నిరోజులు కునుకు పడుతుంది. కొన్నిరోజులు ఇరవై మూడో కీర్తనలో "నా కాపరి" అన్నచోటే ఉండిపోతాను.

మొన్న ఆదివారం ఓ చెల్లెలు అడిగింది, "అక్కా, పొద్దున చదువుకున్నది ఇవాళ కూటంలో చెప్పొచ్చుగా?" అని. "అది నాకూ ఆయనకూ మధ్య మాట అమ్మా, మీకు ఇంకోటి చెబుతాలే" అన్నాను.